డాయిక్-వాజ్ డేటాసెట్: చెయ్యి తిరగడానికి బాగుంది, థీసిస్‌కి చాలదు

ఏఐ, సైకాలజీ కలిసే చోట పరిశోధన చేద్దామనుకునే విజయవాడ, గుంటూరు ఎం.టెక్, పీహెచ్‌డీ విద్యార్థులకు చప్పున తట్టే టాపిక్ ‘మాటతీరును బట్టి డిప్రెషన్ కనిపెట్టడం’. దానికి ముందుగా వెతుక్కునే డేటా సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ల డాయిక్-వాజ్ (DAIC-WOZ). అకడమిక్ పనికైతే ఒప్పంద పత్రం మీద సంతకం చేసి పంపితే చాలు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇందులో 189 ఇంగ్లిష్ ఇంటర్వ్యూలున్నాయి. తెర మీద ఎల్లీ అనే బొమ్మ ప్రశ్నలడుగుతుంది, వేరే గదిలో మనుషులు కూర్చుని దాన్ని నడిపిస్తారు. ఒక్కొక్కరికీ పీహెచ్‌క్యూ-8 (డిప్రెషన్ లక్షణాలు అడిగే ఎనిమిది ప్రశ్నల పట్టిక) స్కోరు ఉంది. 10, ఆపైన వస్తే డిప్రెషన్ కింద లెక్క.

ట్రాన్‌స్క్రిప్ట్ ఫైళ్ల పేరు చివర సీఎస్‌వీ అని ఉన్నా లోపల కామాలు కాదు, ట్యాబ్‌లు. మామూలుగా తెరిస్తే మొత్తం ఒకే కాలమ్‌లో పడుతుంది. 451, 458, 480 నంబరు ఇంటర్వ్యూల ట్రాన్‌స్క్రిప్ట్‌లలో ఎల్లీ మాటలు లేవు, వాటిని విడిగా చూసుకోవాలి.

అసలు చిక్కు ఎల్లీతోనే. డిప్రెషన్ ఉందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా అని ఎల్లీ అడుగుతుంది, జవాబును బట్టి తర్వాతి ప్రశ్నలు మారతాయి. ఆ ప్రశ్నలను కూడా మోడల్‌కు పెడితే అది మనిషిని వదిలేసి ప్రశ్నల వరస చూసి మార్కులు కొట్టేస్తుంది. స్పీకర్ కాలమ్‌లో పార్టిసిపెంట్ వరసలే ఉంచి మళ్లీ నడపండి. స్కోరు ఎంత పడిపోయిందో, అంతా ఎల్లీ పుణ్యమే.

ఇంకోటి, ట్రైనింగ్ భాగంలోని 107 మందిలో డిప్రెషన్ ఉన్నవాళ్లు 30 మందే. అందరికీ ‘లేదు’ అని చెప్పే మోడల్‌కు కూడా 72 శాతం అక్యూరసీ వస్తుంది. కాబట్టి మాక్రో ఎఫ్1 (‘ఉంది’, ‘లేదు’ గుంపులు రెండింటికీ సమాన విలువ ఇచ్చే స్కోరు) చూపించాలి. ఆడియోను ముక్కలు చేసేవాళ్లు ఒకే మనిషి ముక్కలు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ పడకుండా ముందే మనుషుల వారీగా విడగొట్టుకోవాలి. ఈ ఒక్క తప్పుతో ఎంత గొప్ప ఫలితమైనా చెల్లకుండా పోతుంది.

అయిదుకు మూడు మార్కులు ఇస్తాం, అదీ పద్ధతులు నేర్చుకోవడానికే. దీని మీద ఇంకో న్యూరల్ నెట్‌వర్క్ పేర్చి రెండు శాతం పెంచడం దిశ అనిపించుకోదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) ఓపీకి వచ్చి ‘నీరసం, నిద్ర పట్టట్లేదు, కాళ్లు లాగుతున్నాయి’ అనే మనిషి మాటలో ఈ మోడల్ దేన్ని పట్టుకుంటుంది? ఇంగ్లిష్‌లో నేర్చుకున్నది ఇక్కడ ఎక్కడ విరుగుతుందో కొలవడం నిజంగా చేయాల్సిన పని. అందుకు సైకాలజీ విభాగం నుంచి ఒక కో-గైడ్ కావాలి. స్కోరు ఏం కొలుస్తోందో చెప్పగలిగేది వాళ్లే.

తెలుగు మాటలు రికార్డు చేసే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పదు. పీహెచ్‌క్యూ-8కి ఇంకో ప్రశ్న కలిసిన పీహెచ్‌క్యూ-9 వాడితే, ఆ తొమ్మిదో ప్రశ్న ఆత్మహత్య ఆలోచనల గురించి. దానికి సున్నా కాని జవాబు వస్తే అదే రోజు ఎవరు మాట్లాడాలి, ఏ సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలి అన్నది దరఖాస్తులోనే రాసి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు పాల్గొనేవాళ్ల చేతికిచ్చే కాగితంలో ఉంచాలి.