కోపెన్‌హేగెన్ నుంచి గోథెన్‌బర్గ్ దాకా: ఇంజినీరింగ్ చదువు చూసొచ్చిన యాత్ర

ఇంజినీరింగ్ కాలేజీల నుంచి యూరప్ వెళ్లే బృందాలు మామూలుగా జర్మనీ దారి పడతాయి. మేం డెన్మార్క్, స్వీడన్ వైపు వెళ్లాం. అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) ఫైళ్లలో ఏడాది పొడవునా మేం రాసే ప్రాజెక్టు ఆధారిత బోధన గదుల్లో ఎలా నడుస్తుందో కళ్లారా చూడాలన్నది నా కోరిక. ఒకటో రెండో ఎంఓయూలు, అంటే అక్కడి యూనివర్సిటీలతో అవగాహన ఒప్పందాలు, చేతికి రావాలన్నది మేనేజ్‌మెంట్ కోరిక. విమానం టికెట్లు కాలేజీ కొన్నది, బస, తిండి మా జేబులోంచి. అందుకే ధరల దగ్గర కాస్త గొణుగుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి.

ఏ నెలలో వెళ్తున్నామన్నది ముఖ్యం. మే మధ్యలో అయితే సెమిస్టర్ ప్రాజెక్టులు ముగింపుకొచ్చే హడావుడి ఉంటుంది. మన సెలవులకు కుదిరిందని జూన్ ఆఖరుకో జులైకో పెట్టుకుంటే ఖాళీ భవనాల ముందు ఫొటోలు దిగి రావడమే. షెంగెన్ వీసా ఎక్కువ రోజులు ఉండే దేశం నుంచి తీసుకోవాలి కాబట్టి మేం డెన్మార్క్‌కు దరఖాస్తు చేశాం.

కోపెన్‌హేగెన్‌లో సెంట్రల్ స్టేషన్ దగ్గర తీసుకున్న గది ఓడ క్యాబిన్‌లా ఉంది. ఇద్దరం ఒకేసారి సూట్‌కేసులు తెరిచే వీలు లేదు. పరిశుభ్రతకు మాత్రం వంక పెట్టలేం. డేనిష్ క్రోన్ అప్పుడు మన డబ్బులో పన్నెండు రూపాయల పైమాటే కాబట్టి మొదటి రోజు కాఫీ బిల్లు చూసి మాతో వచ్చిన మేడం ఇంకో కాఫీ అడగలేదు. ఊళ్లో చూడాల్సినవి చాలానే ఉన్నాయి గానీ వాటి గురించి ఇప్పటికే బోలెడు మంది రాశారు.

డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ, అంటే డీటీయూ, నగరానికి ఉత్తరాన లింగ్బీలో ఉంది. నోరెపోర్ట్ నుంచి బస్సులో సులువుగా వెళ్లొచ్చు. కరెంటు ప్రవహించే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో గమనించిన ఓర్‌స్టెడ్ 1829లో స్థాపించిన సంస్థ ఇది. క్యాంపస్ పాత విమాన మైదానం మీద కట్టారు. నాలుగు భాగాలు, భవనం నంబరులో మొదటి అంకె ఏ భాగమో చెప్పేస్తుంది, దారి అడిగే పనే లేదు. (మా దగ్గర బ్లాకులన్నిటికీ చైర్మన్ గారి బంధువుల పేర్లు. కొత్త విద్యార్థికి ముందు ఆ వంశవృక్షం తెలియాలి.) మాకు ఇక్కడ దొరికింది మర్యాద, ఒక స్లైడ్ షో, స్కైల్యాబ్ అనే వర్క్‌షాప్‌లో ఒక చుట్టు. ఒక డిపార్ట్‌మెంటుతో ముందే పరిచయం లేకుండా బృందంగా వెళ్తే ఏ పెద్ద యూనివర్సిటీలో అయినా అంతకు మించి దొరకదు. పూట చాలు.

కానీ నోర్డిక్ ఫైవ్ టెక్ గురించి అక్కడే వివరంగా తెలిసింది. డీటీయూ, గోథెన్‌బర్గ్ చాల్మర్స్, స్టాక్‌హోమ్ కేటీహెచ్, ఫిన్లాండ్ ఆల్టో, నార్వే ఎన్‌టీఎన్‌యూ కలిసి జాయింట్ మాస్టర్స్ నడుపుతాయి. విద్యార్థి ఒక ఏడాది ఒక చోట, రెండో ఏడాది ఇంకో చోట చదివి, రెండు యూనివర్సిటీల డిగ్రీలు తీసుకుంటాడు. ఇది సాగడానికి కారణం రెక్టార్ల (యూనివర్సిటీ అధిపతుల) స్నేహం కాదు, క్రెడిట్ లెక్క అందరికీ ఒకటే కావడం. ఏడాదికి 60 ఈసీటీఎస్ (యూరప్ ఉమ్మడి లెక్క) క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. ఆ గంటలు విద్యార్థి చేసే పనివి, క్లాసు, ల్యాబు, ఇంట్లో చదువు అన్నీ కలిపి. మన క్రెడిట్ వారానికి ఒక గంట లెక్చర్. మనం లెక్కపెట్టేది మాస్టారు మాట్లాడిన సమయం, వాళ్లు లెక్కపెట్టేది పిల్లాడు పనిచేసిన సమయం. ఎంఓయూలు గోడ మీది ఫ్రేముల్లో ఆగిపోవడానికి సగం కారణం ఇక్కడే ఉందని నాకనిపించింది.

కోపెన్‌హేగెన్ నుంచి ఆల్బోర్గ్‌కు రైల్లో నాలుగున్నర గంటలు పైనే. డీఎస్‌బీ (డేనిష్ రైల్వే) వాళ్ల ఆరెంజ్ టికెట్లు ముందుగా కొంటే చాలా చవక, స్టేషన్‌కు వెళ్లి కొంటే గుండె గుభేలుమంటుంది. సముద్రం మీది గ్రేట్ బెల్ట్ వంతెన దాటేటప్పుడు కిటికీ పక్క సీటు చూసుకోండి. బస విషయంలో ఒక హెచ్చరిక: మే చివర్లో ఆల్బోర్గ్ కార్నివాల్ జరుగుతుంది, ఆ వారాంతంలో గదులు దొరకవు, దొరికినా ధర రెట్టింపు చెబుతారు. మేం దానికి ముందే వెళ్లాం కాబట్టి ఫ్యోర్డ్ (సముద్రపు పాయ) ఒడ్డుకు నడిచి వెళ్లేంత దూరంలో, కోపెన్‌హేగెన్ కంటే పెద్ద గది, తక్కువ అద్దెకు దొరికింది. సిడ్నీ ఒపేరా హౌస్ డిజైన్ చేసిన యూట్సన్ పెరిగిన ఊరిది. ఆయన పేరిట కట్టిన కేంద్రం ఆ ఒడ్డునే ఉంది. యూనివర్సిటీ ప్రధాన క్యాంపస్ ఊరికి తూర్పున. ప్లస్‌బస్ అని 2023లో మొదలైన పొడవాటి ఎలక్ట్రిక్ బస్సు తిన్నగా అక్కడికే వెళ్తుంది. సర్వీసుల్లో ఈ యాత్ర మొత్తానికి దానికే నా మొదటి మార్కు.

ఆల్బోర్గ్ యూనివర్సిటీ 1974లో పుట్టింది. పుట్టినప్పటి నుంచే సమస్య ఆధారిత చదువు. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు ఉంటే సుమారు సగం ఒకే ఒక్క ప్రాజెక్టుకు, మిగతా సగం కోర్సులకు. గ్రూపుకో గది. మేం చూసిన గదిలో ఐదుగురు. వేడి నీళ్లు ఊరంతా పైపుల్లో పంపే వ్యవస్థలో పంపుల కంపనం మీద వాళ్ల పని. బల్ల మీద విప్పేసిన పంపు, తెల్ల బోర్డు మీద సగం చెరిపేసిన సమీకరణాలు, తలుపు లోపలివైపు అతికించిన ఒప్పంద పత్రం. అందులో మీటింగు మినిట్స్ ఎవరు రాయాలి, గొడవ వస్తే ఎవరితో మాట్లాడాలి, అన్నిటి కింద ఒక షరతు: పది నిమిషాలు ఆలస్యమైతే శుక్రవారం కేకు తేవాలి. ఒకబ్బాయి పేరు పక్కన వరసగా గీతలున్నాయి. మిగతా నలుగురి మొహాల్లో ఏ బాధా కనిపించలేదు.

మా మేడం సూటిగా అడిగేశారు, "పనిచేయనివాడు గ్రూపులో ఉంటే?" ఒకమ్మాయి పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పింది. గ్రూపంతా కలిసి గైడు ముందు, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు ప్రాజెక్టు సమర్థించుకోవాలి. ప్రశ్న రిపోర్టులో ఏ పేజీ నుంచైనా రావచ్చు, ఎవరినైనా అడగొచ్చు. మార్కు మాత్రం ఎవరిది వాళ్లకే. ఆ మార్కుల స్కేలూ విచిత్రమే: పైన 12, అడుగున మైనస్ 3. 2006లో డేనిష్ ప్రభుత్వం గ్రూపు పరీక్షల్ని నిషేధించిందట, మళ్లీ 2013లో తిరిగొచ్చాయి. ఆ మధ్య కాలంలో కలిసి ప్రాజెక్టు చేసి విడివిడిగా పరీక్షకు కూర్చోవాల్సి వచ్చింది. మనమైతే ఎప్పుడూ చేసేది అదే.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ప్రాజెక్టు తాకిన చోట వాళ్ల జ్ఞానం బావి అంత లోతు. తాకని చోట ఖాళీలున్నాయని రెండు మూడు ప్రశ్నలు వేస్తే తెలిసింది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మా మూడో ఏడాది పిల్లాడు చప్పున చెప్పే ఫార్ములాకు వాళ్లు పుస్తకం వైపు చూశారు. అయితే ఆ ఫార్ములాతో పంపు విప్పమంటే మా వాడు ఎటు చూస్తాడో నాకు తెలుసు. గదులు, గైడుల గంటలు మన సెక్షన్‌కు 60 మంది లెక్కలో ఎలా సర్దాలన్నది అసలు చిక్కు. యునెస్కో ఆధ్వర్యంలో 2014లో ఇక్కడే సమస్య ఆధారిత ఇంజినీరింగ్ విద్యకు ఒక కేంద్రం మొదలైంది. మనలాంటి కాలేజీలకు ముందు కావాల్సింది విద్యార్థుల మార్పిడి కాదు, అక్కడికి పంపి నేర్పించాల్సిన మాస్టార్లు.

ఆల్బోర్గ్ నుంచి స్వీడన్‌కు విమానం అక్కర్లేదు. రైల్లో ఫ్రెడెరిక్స్‌హావ్న్ వెళ్లి స్టెనా లైన్ ఫెర్రీ ఎక్కితే మూడున్నర గంటల్లో గోథెన్‌బర్గ్. చివరి అరగంట డెక్ మీదే ఉండండి. రాతి దీవుల మధ్య నుంచి ఓడ ఎల్వ్స్‌బోర్గ్ వంతెన కిందుగా ఊళ్లోకి దూరుతుంది. లోపలి రెస్టారెంట్ జోలికి పోకుండా వెంట ఏదైనా తెచ్చుకోండి.

గోథెన్‌బర్గ్‌లో హాస్టల్ తీసుకున్నాం. గది బాగానే ఉంది. కానీ దుప్పటికీ దిండు గలీబుకూ వేరే డబ్బు, వెళ్లేటప్పుడు గది మనమే ఊడ్చి తుడవాలి, లేదంటే క్లీనింగ్ ఫీజు. ఉత్తర యూరప్ హాస్టళ్లలో ఇది మామూలే కాబట్టి రెండు దుప్పట్లు బ్యాగులో వేసుకోవడం లాభం. నగదు ఎక్కడా పెద్దగా తీసుకోరు. తిండికి దారి: మధ్యాహ్నం 'డాగెన్స్' అనే రోజువారీ భోజనం. సలాడ్, బ్రెడ్, కాఫీ అన్నీ అందులోనే, శాకాహారం కూడా దొరుకుతుంది. రాత్రి అదే రెస్టారెంటులో కూర్చుంటే రెట్టింపవుతుంది.

చాల్మర్స్ యూనివర్సిటీ 1829లో, స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరుగా పనిచేసిన విలియం చాల్మర్స్ వీలునామా సొమ్ముతో మొదలైంది. ఎంఐటీ, కేటీహెచ్, లింషోపింగ్‌తో కలిసి 2000లో సీడీఐఓ పద్ధతిని తెచ్చింది ఈ సంస్థే. ఊహించు, డిజైన్ చేయి, తయారు చేయి, నడుపు అని నాలుగు మెట్లు. ఆల్బోర్గ్ మోడల్‌కు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలి, సీడీఐఓ ఉన్న సిలబస్‌లోకే దూరుతుంది. మొదటి ఏడాదే ఒక చిన్న వస్తువు తయారు చేయించడం, ప్రతి సబ్జెక్టులో రిపోర్టు రాయడం, టీమ్ పని కలిపేయడం లాంటివి. ప్రోటోటైప్ ల్యాబులో ఫస్టియర్ పిల్లలు సొంతంగా లేత్ మీద పనిచేస్తుంటే, మా దగ్గర అదే యంత్రానికి వేసి ఉన్న తాళం గుర్తొచ్చింది. నది అవతల లిండ్‌హోల్మెన్ క్యాంపస్‌కు స్టెన్‌పీరెన్ నుంచి చిన్న ఫెర్రీ ఉంది, ఉచితం.

అక్కడ ఒక తెలుగబ్బాయి తన ఫ్లాటుకు భోజనానికి పిలిచాడు. పప్పు, వంకాయ కూర, ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ. జేఎన్‌టీయూ, కార్ల్‌స్క్రోనాలోని బ్లెకింగే ఇన్‌స్టిట్యూట్ కలిసి నడిపిన డబుల్ డిగ్రీలో చదివి వచ్చినవాడు. "సార్, మాకు పనికొచ్చింది ఆ సంతకం కాదు. ఇక్కడ చదివిన క్రెడిట్లు అక్కడి మార్కుల మెమోలో ఎక్కడం" అన్నాడు. స్వీడన్‌లో 2011 దాకా విదేశీ విద్యార్థులకు ఫీజే లేదు, ఆ ఏడాది నుంచి యూరప్ బయటివాళ్లకు పెట్టారు. డెన్మార్క్‌లో 2006 నుంచే ఉంది. ఫీజు ఎవరు కట్టాలో రాయని ఒప్పందం మధ్యతరగతి పిల్లాడికి ఎందుకూ కొరగాదు.

ఇంకో మాట. భారత్ 2014లో, ఇంజినీరింగ్ డిగ్రీల అక్రెడిటేషన్‌ను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం తీసుకుంది. దాని కోసం మన కాలేజీలు ఎన్‌బీఏ (మన దగ్గర అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థ) ఫైళ్లకు పెట్టే శ్రమ తెలిసిందే. డెన్మార్క్, స్వీడన్ ఆ ఒప్పందంలో లేవు. వాళ్ల దగ్గర మాట్లాడేటప్పుడు ఆ సర్టిఫికెట్ కంటే, ఒక కోర్సులో విద్యార్థి ఎన్ని గంటలు ఏం చేస్తాడో రాసిన రెండు పేజీలు ఎక్కువ పనిచేస్తాయి.

ఒక్క చోటికే డబ్బుంటే ఆల్బోర్గ్ వెళ్లండి. రెండు చోట్లకైతే ఫెర్రీ ఎక్కి చాల్మర్స్ కలుపుకోండి. ఇంటర్నేషనల్ ఆఫీసుకు కాకుండా నేరుగా మీ బ్రాంచి పాఠాలు చెప్పే డిపార్ట్‌మెంటుకు రెండు నెలల ముందు రాయండి. అటానమస్ కాలేజీ అయితే సిలబస్ మార్చుకునే అధికారం మీ చేతిలోనే ఉంటుంది. అఫిలియేటెడ్ అయితే సిలబస్ ఖరారు చేసే యూనివర్సిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఉన్న ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి, ఆయన టికెట్ కూడా కాలేజీయే కొన్నా నష్టం లేదు.