నాటు పెట్టా, గ్రామప్రియా? పెరటికి ఏది మేలు?

విశాఖ పక్కన ఆనందపురం, పద్మనాభం వైపు పది, ఇరవై సెంట్లు కొనుక్కుని కూరగాయలు వేసుకుంటున్నవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే. నాలుగు కోళ్ళు పెంచుదామనుకుంటున్నాం, నాటువా, గ్రామప్రియా?

గుడ్ల లెక్కే చూస్తే పోటీయే లేదు. నాటు పెట్ట ఏడాదికి 50, 60 పెడితే గొప్ప. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ పెరట్లో తిరుగుతూనే 160 దాకా పెడుతుంది. గుడ్డు గోధుమ రంగు కాబట్టి చాలామంది నాటు గుడ్డనుకునే కొనేస్తారు, అది వేరే సంగతి.

నన్నడిగితే తేల్చుకోవాల్సింది గుడ్ల సంగతి కాదు, పిల్లల్ని ఎవరు సాకుతారన్నది. గ్రామప్రియని పొదుగుడుకి నమ్ముకోలేం. కోళ్ళు తగ్గినప్పుడల్లా పిల్లల్ని కొనాలి, మొదటి మూడు నాలుగు వారాలు బల్బు వేడి ఇవ్వాలి. మన దగ్గర అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే ముందు పోయేది కరెంటే. 2014లో హుద్‌హుద్ అప్పుడు రోజుల తరబడి రాలేదు కదా. బల్బు ఆరితే పిల్లలన్నీ ఒక మూలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి, అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి.

నాటు పెట్టతో ఆ టెన్షన్ లేదు. గూడు వదలకుండా కూర్చుని, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని పొడుస్తోందంటే పొదుగుకి వచ్చినట్టే. గంపలో వరిగడ్డి వేసి, చీకటి పడ్డాక పది, పన్నెండు గుడ్లు దాని కింద సర్దండి. ఏడో రోజు రాత్రి గుడ్డుకి టార్చి ఆనిస్తే లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాలి. కనిపించనివి తీసేయండి. 21వ రోజుకి పిల్లలు దిగుతాయి. అక్కణ్ణించి వెచ్చదనం, మేత, గద్ద నీడ పడితే రెక్కల కింద దాచడం, అన్నీ తల్లే చూసుకుంటుంది. దాని గుడ్లు తక్కువయ్యేదీ చాలావరకు ఇందుకే. పొదిగినన్నాళ్ళూ, పిల్లల్ని తిప్పుకున్నన్నాళ్ళూ పెట్టదు.

కూరగాయల మళ్ళ విషయంలో రెండూ ఒకటే. తోటకూర మడిని ఒక్క పూటలో గీకి పారేస్తాయి, వల కట్టాల్సిందే. ఆనప పాదు పందిరెక్కాక వదిలితే మాత్రం కింద పురుగు ఏరుకుతింటాయి.

ఇంకో పెరటి రకం వనరాజా మాంసానికైతే సరే. నల్లకోడి కడక్‌నాథ్ సరదా ఉన్నవాళ్ళకి.

నా ఓటు నాటు పెట్టలు మూడు, నాలుగు, ఒక పుంజుకే. ఇంట్లో గుడ్లు చాలకపోతే బల్బు దశ దాటిన గ్రామప్రియ పెట్టల్ని కొన్ని కలుపుకోండి. వాటి గుడ్లని నాటు పెట్ట కింద పెట్టి అదే జాతి వస్తుందనుకోవద్దు. అది సంకరం, పిల్లలు తల్లిలా పెట్టవు.

నాటు కోడికి రోగాలు రావన్న మాట నమ్మకండి. కొక్కెర తెగులు (రాణీఖేత్) పడితే ఊరూరా తుడిచిపెట్టేది వాటినే. దానికి మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో టీకా సూది, ఏ జాతికైనా తప్పవు. టీకా సీసాలో వందా ఆపై డోసులుంటాయి, కలిపాక నిలవ ఉండదు. అందుకని చుట్టుపక్కల కోళ్ళన్నిటికీ ఒకే పూట వేయించండి.