డార్కెస్ట్ డంజన్: చాన్నాళ్లు ఆడాక నా మాట

హారర్ గేమ్ అనగానే మనోళ్లు అడిగే మొదటి ప్రశ్న "జంప్ స్కేర్‌లు ఉన్నాయా?" అని. ఇందులో అవి లేనట్టే. చీకట్లోంచి ఏదీ మీద పడి అరవదు, బొమ్మలు కూడా మందపాటి నల్ల గీతల 2డి బొమ్మలే. అయినా నేను ఆడిన భయం గేమ్‌లన్నిట్లో చేతులకు చెమట పట్టించింది ఇదే, కడప మే నెల చెమటను పక్కన పెట్టే చెప్తున్నా. మామూలు హారర్ గేమ్‌లో చస్తే ఏముంది, మళ్లీ లోడ్ చేసుకుంటాం, రెండోసారికి ఆ దయ్యం ఏ తలుపు వెనకుందో తెలిసిపోతుంది, సగం భయం అక్కడే పోతుంది. ఇది హారర్‌తో పాటు రోల్ ప్లేయింగ్ గేమ్ కూడా, అంటే మనిషిని సున్నా నుంచి పైకి తెస్తాం. కత్తికి డబ్బు పెడతాం, కవచానికి పెడతాం, కొత్త విద్యలు నేర్పిస్తాం. ఇక్కడ ఆ మనిషి పోతే పోయినట్టే, శ్మశానంలో పేరు చేరుతుంది. ఈ రకం గేమ్‌లంటే నాకు పిచ్చి పట్టింది అందుకే.

వాంకూవర్‌లోని రెడ్ హుక్ అనే చిన్న స్టూడియో దీన్ని 2014లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు పోగు చేసి మొదలుపెట్టింది, పూర్తి గేమ్ 2016 జనవరిలో వచ్చింది. కథ చిన్నదే. వంశంలో ఒక పెద్దాయన తన బంగళా కింద ఏదో మహాశక్తి ఉందని విని, ఆస్తంతా కరిగించి తవ్విస్తాడు, తవ్వకూడనిది తవ్వుతాడు. గుప్తనిధుల కోసం పాత కోటల్లో, గుళ్లలో రాత్రిళ్లు తవ్వి దొరికిపోయినోళ్ల వార్తలు పేపర్లో చదివే మన సీమ వాళ్లకు ఈ కథ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ పాడుబడ్డ ఊరు వారసులుగా మన నెత్తిన పడుతుంది. బండిలో వచ్చే కూలి వీరుల్లోంచి నలుగురిని ఎంచి లోపలికి పంపాలి.

అసలు సంగతి స్ట్రెస్. ప్రతి మనిషికీ ప్రాణంతో పాటు ఇంకో లెక్క నడుస్తుంటుంది. చీకటైతే పెరుగుతుంది, ఆకలైతే పెరుగుతుంది, పక్కనోడు దెబ్బ తింటే పెరుగుతుంది. 100 చేరగానే ఆట ఒక్క క్షణం ఆగి ఆ మనిషి గట్టివాడో కాదో తేలుస్తుంది. ఎప్పుడో ఒకసారి ధైర్యం పుంజుకుంటాడు, ఎక్కువసార్లు మాత్రం మతి చెడుతుంది. ఒకడు స్వార్థపరుడవుతాడు, ఒకడికి అందరి మీదా అనుమానం, ఒకడు నోటికొచ్చినట్టు తిడతాడు, ఆ తిట్లకు మిగతావాళ్ల స్ట్రెస్ పెరుగుతుంది. 200 చేరితే గుండెపోటు.

వీరుల పేర్లు మార్చుకోవచ్చు. దారిదోపిడీ దొంగ హైవేమ్యాన్‌కు మా బావ పేరు, వైద్యం చేసే వెస్టల్‌కు మా అక్క పేరు పెట్టాను. పందిమూతి రాక్షసులుండే వారెన్స్‌లో ఒక రాత్రి బావ ప్రాణం సున్నాకు వచ్చింది, దాన్ని 'డెత్స్ డోర్' అంటారు. సున్నా అయినంత మాత్రాన చావరు, అక్కడినుంచి పడే ప్రతి దెబ్బకూ మామూలుగా నూటికి 67 పాళ్లు తట్టుకునే అవకాశం ఉంటుంది. పైగా ఒంటినుంచి నెత్తురు కారుతోంది, తన వంతు వస్తే ఆ కారడమే ఇంకో దెబ్బ కింద లెక్క. ముందు వంతు అక్కది. ఒక్క మంత్రం చదివితే చాలు, గండం గడిచినట్టే. కానీ అక్కకు అంతకుముందే మతి చెడింది, ఇక ఏ ఆశా లేదని ఏదో గొణిగి తన వంతు వదిలేసింది. తర్వాత బావ వంతు. పోయాడు. ఇదంతా ఫోన్‌లో చెప్తే మా బావ "మీ అక్క గేమ్‌లో కూడా అంతేనారా?" అన్నాడు.

ఏం చేసినా గేమ్ తనంతట తానే సేవ్ చేసేసుకుంటుంది. నా లాప్‌టాప్‌ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు పోతే అదీ పోతుంది, హమ్మయ్య బతికాడు అనుకుని మళ్లీ తెరిస్తే శవం శవంలాగే ఉంటుంది.

గెలిచి వచ్చినా సుఖం లేదు. మతి చెడినవాణ్ణి సారాయి కొట్టుకో, ప్రార్థనకో పంపాలి, దానికి డబ్బు, పైగా ఆ వారం వాడు పనికి రాడు. కొందరు తాగడానికి పోయి అట్నుంచటే మాయమై కొన్నాళ్లకు వస్తారు. మొదట్లోనే మన దగ్గరుండే క్రూసేడర్, అంటే మతయోధుడు, రేనాల్డ్‌కైతే పుట్టుకతోనే చేతివాటం, పెట్టె కనబడితే సొత్తు తన జేబులో వేసుకుంటాడు. అట్లాంటోణ్ణి కూడా పోనీలే అని వెనకేసుకొస్తాం, పెంచుకున్నాక తప్పదు.

కథ చెప్పే గొంతు వేన్ జూన్ గారిది. హెడ్‌ఫోన్స్ లేకుండా ఆడిన రోజు మా జేజి పక్క గదిలోంచి "ఎవురబ్బీ ఆయన, అట్ల శాపనార్థాలు పెడ్తాండాడు?" అని అడిగింది. ఇంగ్లిష్ మాత్రం బాగా ముదురు, డిక్షనరీ పక్కన పెట్టుకోవాల్సిందే.

విసుగు లేదా అంటే ఉంది, సగం దాటాక చాలా ఉంది. పై లెవెల్ వీరులు చిన్న పనులకు రామంటారు, కొత్తవాళ్లను మళ్లీ మొదటి నుంచి మేపాలి. చివరి బంగళాలోకి వెళ్లి బతికొచ్చినవాడు రెండోసారి అక్కడికి రానంటాడు, కాబట్టి ఇంకో బ్యాచ్, ఇంకో బ్యాచ్. ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్లు సిగ్గుపడకుండా రేడియంట్ మోడ్ పెట్టుకోండి, రుచి ఏం తగ్గదు, టైం మిగులుతుంది.

ఇదే కోవలో ఇంకొన్ని ఆడాను. 2015 నాటి బ్లడ్‌బోర్న్‌లో 'ఇన్‌సైట్' అని ఒక లెక్క ఉంటుంది, అది 40కి చేరితే అప్పటిదాకా ఖాళీగా కనిపించిన గోడలకు పెద్ద పెద్ద జీవాలు వేలాడుతూ కనబడతాయి. అవి మొదట్నుంచీ అక్కడే ఉన్నాయి! నాకైతే ఒళ్లు జలదరించింది. కానీ అది ప్లేస్టేషన్ 4 గేమ్, ఫ్రెండ్ ఇంటికి పోయి ఆడాలి. ఫియర్ అండ్ హంగర్ 2018లో వచ్చింది, తెగిన చెయ్యి మళ్లీ రాదు, చావు బతుకులు నాణెం బొమ్మా బొరుసా మీద తేలుతాయి. దాంట్లో లైంగిక హింస కూడా ఉంది, పిల్లల చేతికి అస్సలు ఇవ్వొద్దు. నేను సగంలో వదిలేశాను, మళ్లీ పట్టుకోను. చచ్చినోళ్లు తిరిగి రాకపోవడం కొత్త విద్యేం కాదులెండి, 1989లో జపాన్‌లో వచ్చిన స్వీట్ హోమ్‌లోనే ఐదుగురితో ఈ పని చేశారు, పేరున్న హారర్ గేమ్ రెసిడెంట్ ఈవిల్‌కు దారి వేసింది అదే.

డార్కెస్ట్ డంజన్ రెండో భాగం 2023లో పూర్తిగా వచ్చింది. చూడ్డానికి మొదటిదానికంటే చాలా బాగుంది, పోరాటం కూడా నున్నగా సాగుతుంది. కానీ అందులో ఒక బండి ప్రయాణంలో చచ్చినవాడు మామూలుగా తర్వాతి ప్రయాణానికి మళ్లీ వచ్చి కూర్చుంటాడు. వాణ్ణి చూసి నాకు టెన్షన్ ఎందుకు పుడుతుంది? సేల్‌లో రెండూ కనబడితే మొదటిదే కొనండి.