వంతెన పట్టాలంటే గ్లైడరా, పారాచూటా?

వంతెనను కూల్చడం వేరు, చెక్కుచెదరకుండా చేజిక్కించుకోవడం వేరు. రెండో పనిలో సమయమంతా కాపలావాడి చేతిలో ఉంటుంది. మందుగుండు ముందే అమర్చి పెట్టుకున్నవాడైతే, మీరు పరుగెత్తుకుంటూ వచ్చేలోపు మీట నొక్కేస్తాడు. అంతే, మీరు ఎంత వీరులైనా ఇక నది ఒడ్డున నిలబడి చూడాల్సిందే. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పనికి ఆకాశం నుంచి దిగే చిన్న దళాలను వాడారు. కొందరు ఇంజను లేని గ్లైడర్ విమానాల్లో దిగారు, కొందరు పారాచూట్లతో దూకారు. ఏది మేలు?

బరంపురంలో ఈ ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉండబట్టి మా వైపు రిటైరైన ఫౌజీలు ఎక్కువే. మా వీధిలో ఉండే మావయ్య కూడా విమాన విధ్వంసక గన్ను దగ్గర ఉద్యోగం చేసినవాడే. ఆయనది పారాచూట్ పక్షం, నాది గ్లైడర్ పక్షం.

నా పక్షానికి మొదటి సాక్ష్యం నార్మండీ. 1944 జూన్ 6, అర్ధరాత్రి దాటి 16 నిమిషాలు. ఫ్రాన్స్‌లో బెనూవిల్ ఊరి దగ్గర కాన్ కాలువ మీద ఒక వంతెన, దాని పక్కనే ఓర్న్ నది మీద ఇంకొకటి. కాపలా జర్మన్లది. పట్టుకోవలసింది బ్రిటిష్ మేజర్ జాన్ హోవర్డ్, ఆయన కింద 181 మంది, ఆరు హోర్సా గ్లైడర్లు. హోర్సా అంటే చెక్కతో చేసిన విమానం, ఇంజను ఉండదు. హాలిఫాక్స్ బాంబర్ తాడుతో లాక్కొచ్చి తీరం దాటాక వదిలేస్తుంది. అక్కడి నుంచి చప్పుడు లేదు. పైలట్ చేతిలో ఉన్నదల్లా ఒక దిక్సూచి, ఒక స్టాప్‌వాచ్, కింద మసక వెన్నెల. లోపలివాళ్లు ఒకరి చేతులు ఒకరు పెనవేసుకుని కాళ్లు పైకెత్తి కూర్చున్నారు, నేల తగిలినప్పుడు ఎముకలు విరగకుండా. మొదటి గ్లైడర్ వంతెనకు 43 మీటర్ల దూరంలో ఆగింది. పైలట్ జిమ్ వాల్‌వర్క్ ముందు అద్దంలోంచి బయటికి ఎగిరి పడ్డాడు. కాపలావాడు ఆ చప్పుడు విని కూలిపోయిన బాంబర్ ముక్కేదో పడిందనుకున్నాడు. అతను అలా అనుకున్న ఆ కొద్ది క్షణాలే హోవర్డ్‌కు కావలసింది. పదిహేను నిమిషాలు తిరక్కుండానే రెండు వంతెనలూ చేతికొచ్చాయి.

ఇందులో అదృష్టం లేదని అనను. పేల్చే ఏర్పాట్లు సిద్ధంగానే ఉన్నా మందుగుండు మాత్రం ఇంకా వంతెనకు బిగించలేదు. ఒక గ్లైడర్ దారి తప్పి పదమూడు కిలోమీటర్ల అవతల వేరే నది దగ్గర దిగింది. ఒక సైనికుడు దిగుతూనే చెరువులో మునిగిపోయాడు. వంతెన మీదికి ముందుగా దూకిన లెఫ్టినెంట్ బ్రదరిడ్జ్ గుండు తగిలి చనిపోయాడు. అయినా ఆరింటిలో ఐదు చేరవలసిన చోటికి చేరాయి.

పారాచూట్ సంగతి చూడాలంటే వేరే చోటికి పోనక్కర్లేదు, అదే రాత్రి, అదే వంతెన. హోవర్డ్‌కు తోడుగా రావలసిన ఏడో పారాచూట్ బెటాలియన్ అరగంట తేడాలో ఆ చుట్టుపక్కలే దూకింది. గాలికి, విమానాల గందరగోళానికి మనుషులు ఎక్కడెక్కడో పడ్డారు. కమాండర్ వంతెన వైపు కదిలేసరికి ఆయన దగ్గర సగం మంది కూడా లేరు, మోర్టార్లు, వైర్‌లెస్ సెట్లు చాలావరకు దొరకలేదు. మనుషులు ఒక్కొక్కరుగా పొలాలకు అడ్డంపడి వచ్చి చేరారు. నిలబడి పోరాడే పనికి ఆ ఆలస్యం ఫరవాలేదు. కాపలావాడు తేరుకోకముందే మీద పడే పనికి మాత్రం చాలదు. గ్లైడర్ తలుపు తెరుచుకుంటే అందులోని దళం మొత్తం ఒకే చోట, ఆయుధాలతో సహా దిగుతుంది. నా వాదనంతా ఈ ఒక్క తేడా మీదే.

మావయ్య వెంటనే హాలండ్‌లోని ఆర్నెమ్ వంతెన సంగతి ఎత్తుతాడు. "అక్కడ గ్లైడర్లూ ఉన్నాయి కదరా అల్లుడూ, ఏం ఒరిగింది?" నిజమే. 1944 సెప్టెంబరు 17న అక్కడ బ్రిటిష్ ఒకటో ఎయిర్‌బోర్న్ డివిజన్ రెండు రకాలుగానూ దిగింది. కానీ దిగిన చోటు వంతెనకు పది కిలోమీటర్ల పైనే. మా లెక్కలో చెప్పాలంటే, గంజాం దగ్గర రుషికుల్య వంతెన పట్టుకోమని చెప్పి దళాన్ని ఛత్రపురం అవతల దింపినట్టు. సాయంగా రావలసిన ట్యాంకులు ఇంచుమించు పలాసలో బయల్దేరినంత దూరం, వంద కిలోమీటర్లు, ఉన్నది ఒక్కటే రోడ్డు, మధ్యలో బాహుదా లాంటి నదులన్నిటి మీదా వంతెనలు ముందే ఎవరో పట్టి ఉంచాలి. పైగా విమానాలు చాలక దళాన్ని మూడు రోజుల పాటు విడతలుగా దింపారు. మొదటి రోజు దిగినవాళ్లలో కొందరు తర్వాత వచ్చేవాళ్ల కోసం మైదానం కాపలా కాస్తూ ఉండిపోయారు.

అంత దూరంలో ఎందుకు దింపారంటే, వంతెన దగ్గర విమాన విధ్వంసక గన్నులున్నాయని వైమానిక దళం భయపడింది. దక్షిణపు ఒడ్డున నేల మెత్తన, గ్లైడర్లకు పనికిరాదన్నారు. చివరికి కర్నల్ జాన్ ఫ్రాస్ట్‌తో కలిపి 740 మందికి అటూ ఇటూగా వంతెన ఉత్తరపు కొసకు చేరారు. దక్షిణపు కొస జర్మన్లదే. దగ్గర్లోని రైలు వంతెన వీళ్లు వెళ్తుండగానే పేలిపోయింది. డివిజన్ మొత్తం రెండు రోజులు కాయాలనుకున్న చోట ఆ కొద్దిమంది 21వ తేదీ ఉదయం దాకా కాశారు, ట్యాంకులు రాలేదు. దాదాపు పదివేల మందిలో నది దాటి వెనక్కి వచ్చింది నాలుగో వంతు కన్నా తక్కువ. కాబట్టి ఆర్నెమ్‌ను గ్లైడర్ ఖాతాలో గానీ పారాచూట్ ఖాతాలో గానీ రాయలేం. తప్పు దూరానిది.

అదే రోజు అదే రోడ్డు మీద గ్రావె వంతెనను అమెరికన్ 82వ డివిజన్ పారాచూట్లతోనే పట్టేసింది. ఎలాగంటే, నదికి రెండు పక్కలా దూకారు. రెండు కొసల నుంచీ ఒకేసారి తరుముకొస్తే కాపలావాడికి పారిపోయే దారి ఉండదు. ఈ ఒక్కచోట మావయ్యకు మార్కులు వేయక తప్పదు.

ఇక ఆయన అసలు ఆయుధం 1971 బంగ్లాదేశ్ యుద్ధం. మన రెండో పారా బెటాలియన్, కర్నల్ కుల్వంత్ సింగ్ పన్ను, టాంగాయిల్ దగ్గర పుంగ్లి వంతెన. డిసెంబరు 11 సాయంత్రం వెలుతురు పోతుండగా, యాన్-12లు, ప్యాకెట్లు, డకోటాలు, కారిబూలు అన్నీ కలిపి యాభై దాకా విమానాలు మనుషుల్ని, గన్నుల్ని, జీపుల్ని వదిలాయి. పని ఏమిటంటే, జమాల్‌పూర్, మైమెన్‌సింగ్ వైపు నుంచి ఢాకాకు వెనక్కి తగ్గుతున్న పాకిస్తాన్ బ్రిగేడ్ దారి మూసేయడం. ఒక విమానంలోని మనుషులు దూరంగా పడ్డారు. చెల్లాచెదురు ఇక్కడా తప్పలేదు. ఐనా ఆ రాత్రికే వంతెన చేతికి వచ్చింది, మర్నాడు మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ వచ్చి కలిసింది.

నార్మండీలో లేనిది ఇక్కడ ఒకటి ఉంది, కింద మనవాళ్లున్నారు. కెప్టెన్ పి.కె. ఘోష్ ముందే లోపలికి చొరబడి కాదర్ సిద్దికీ నడిపే ముక్తి వాహినితో, అంటే బంగ్లాదేశ్ విమోచన పోరాట దళంతో కలిసి దిగే చోటు చూసిపెట్టాడు. ఊళ్లవాళ్లు పడిన సామాను మోసి తెచ్చి ఇచ్చారు. చీకట్లో ఎవరెక్కడ పడ్డారో వెతుక్కునే గంటలు దాంతో తగ్గిపోయాయి. మర్నాటి పత్రికల్లో ఈ దిగుడుకు ఆగ్రాలో ఎప్పుడో జరిగిన విన్యాసాల ఫొటో వేశారు, చూసినవాళ్లకు బెటాలియన్ కాస్తా బ్రిగేడ్ అయిపోయింది. అది వేరే కథ.

ఇక్కడే మా ఇద్దరి వాదనకు ముడి ఉందనుకుంటాను. హోవర్డ్‌కు వంతెన నిలిచి ఉండాలి, ఎందుకంటే దాని మీదుగా వెళ్లాల్సింది తన సైన్యం. పన్నుకు కావలసింది దారి మూతపడడం. పుంగ్లి దగ్గర పాకిస్తాన్ వాళ్లే కంగారులో వంతెన పేల్చేసుకున్నా ఆయన పని సగం అయిపోయినట్టే. అలాంటప్పుడు మొదటి ఐదు నిమిషాల టెన్షన్ ఉండదు, మనుషులు గంట ఆలస్యంగా పోగైనా నడుస్తుంది. అంటే వంతెనను వాడుకోవాలంటే గ్లైడర్, దారి మూసేయాలంటే పారాచూట్. ఇప్పుడు గ్లైడర్లు లేవు గానీ మనుషుల్ని ఒక్కచోట, ఒక్కసారి దింపే ఆ పని హెలికాప్టర్ చేస్తుంది. చప్పుడే దాని శాపం.

మావయ్య దీనికి ఒప్పుకోడు. ఆయనది గన్ను వెనక కూర్చున్నవాడి లెక్క. "విమానం కిందగా, నిదానంగా, గీత గీసినట్టు వస్తే అంతకన్నా సులువైన గురి లేదు. దాన్ని కొట్టేలోపు పదిమందైనా దూకేసి ఉంటారు. గ్లైడర్‌కు మా ఎల్-70 విమాన విధ్వంసక గన్ను గుండు ఒక్కటి తగిలితే ముప్పై మందీ ఒక్కసారే పోతారు" అంటాడు. గ్లైడర్ రావడం చూస్తే కదా మావయ్యా కొట్టేది, అంటాను. పగటిపూట రమ్మను చూద్దాం, అంటాడు. పగటిపూట అయితే నేనూ పారాచూటే అడుగుతాను.