థండర్‌బోల్ట్ నకలుతో 11 ఏళ్ళు

ముందే చెప్పేస్తాను, నా దగ్గరున్నది ఒరిజినల్ ఫోర్డ్ ఫెయిర్‌లేన్ థండర్‌బోల్ట్ కాదు. 1964లో డ్రాగ్ రేసుల (నిలబడ్డ చోటునుంచి తిన్నగా పావు మైలు దూసుకుపోయే పందేల) కోసం ఫోర్డ్ చేయించినవి 100 మాత్రమే. వాటి ధర నాలాంటి ఉద్యోగస్థుడికి అందేది కాదు. నాది అదే ఏడాది తయారైన మామూలు రెండు తలుపుల ఫెయిర్‌లేన్. నాకు ముందున్న ఓనరు దాంట్లో 427 క్యూబిక్ అంగుళాల ఇంజను దించి, ఫైబర్ బాడీ ముక్కలు బిగించి, ఒరిజినల్‌కి వీలైనంత దగ్గరగా మార్చాడు. మిషిగన్‌లో 11 ఏళ్ళుగా నడుపుతున్నాను, 9,000 మైళ్ళు తిరిగింది. ఇలాంటిది కొనాలని ఈ మధ్య మనవాళ్ళు ఇద్దరు అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అందరూ ఇంజను గురించే అడుగుతారు. నేను మాత్రం ఈ కారులో లేని వాటితో మొదలుపెడతాను, ఎందుకంటే రోజూ చేతికి తెలిసేది అదే. రేడియో లేదు, హీటర్ లేదు, కింద కార్పెట్ లేదు, తలుపుకి చెయ్యి ఆన్చుకునే దిమ్మ లేదు, స్టెప్నీ లేదు. సీట్లు ఫోర్డ్ వ్యాన్లలో వేసే తేలికపాటివి. పక్క కిటికీలకు గాజు బదులు ప్లెక్సీగ్లాస్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్. ఒరిజినల్స్‌లోనూ ఇంతే. 1963లో ఫోర్డ్ దగ్గర 427 క్యూబిక్ అంగుళాల మంచి ఇంజనే ఉంది గాని, అది కూర్చున్న గెలాక్సీ చాలా బరువైన బండి. ఫైబర్ ముక్కలు వేసి తగ్గించినా పోటీ కార్లైన ప్లిమత్, డాడ్జ్‌ల ముందు నిలవలేకపోయింది. దాంతో అదే ఇంజనును చిన్న కారైన ఫెయిర్‌లేన్‌లోకి ఎక్కించారు. ఆ పని చేసింది డియర్‌బోర్న్ స్టీల్ ట్యూబింగ్ అనే సంస్థ. ఏడు లీటర్ల ఇనప ఇంజను మోస్తూ కూడా బండి మొత్తం బరువు 3,200 పౌండ్ల దగ్గర, అంటే 1,450 కిలోల దగ్గర ఆగింది. ఇవాళ్టి క్యామ్రీ కంటే తక్కువ.

నాది తూకం వేయిస్తే 3,310 పౌండ్లు తేలింది. తలుపులు ఇనపవే ఉంచారు, అదే తేడా.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్లో ముప్పై ఏళ్ళు లారీల పని చేశారు. ఇక్కడికి వచ్చినప్పుడు బానెట్ చూపించాను. దీనికి కీళ్ళు ఉండవు, నాలుగు పిన్నులు లాగి మొత్తం ఎత్తి పక్కన పెట్టాలి. ఆయన లారీ బానెట్ ఎత్తే అలవాటుతో గట్టిగా పట్టుకుని లేపారు. చేతిలో అంత తేలిగ్గా లేచేసరికి ఒక అడుగు వెనక్కి వేశారు. "ఇది బానెట్టేంట్రా, విస్తరాకులా ఉంది!" అన్నారు. తర్వాత స్టార్ట్ చేయమని, చెవి పెట్టి ఒక నిమిషం విని, "ఎడం పక్క టాపెట్ వదులైంది, సెట్ చెయ్యి" అన్నారు. టాపెట్ అంటే వాల్వుని కదిపే భాగం. అక్కడి సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే నిజమే, ఎడమ వరసలో చివరిది వదులైంది. ఆ ఇంజనును ఆయన అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

టాపెట్ సెట్టింగ్ ఏడాదికి ఒకసారి తప్పదు. దాన్ని నేను ఇష్టంగానే చేస్తాను. ప్లగ్గులు మార్చడమే కష్టం. ఫెయిర్‌లేన్ ముందు భాగం ఇంత వెడల్పు ఇంజను కోసం చేసింది కాదు. పక్కనున్న షాక్ టవర్లను (ముందు సస్పెన్షన్‌ని పట్టి ఉంచే ఇనప గూళ్ళను) కోసి తగ్గిస్తే గాని ఎగ్జాస్ట్ పైపులు పట్టలేదు. ఎనిమిది ప్లగ్గులకి నాకు మూడు గంటలు పడుతుంది, మోచేతులకి గీతలు పడతాయి.

ఒరిజినల్ ఇంజనుకి కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి, పెట్రోలు నొక్కుకునే నిష్పత్తి, 12.7, కాగితం మీద 425 గుర్రాల శక్తి. నిజంగా 500 దాటుతుందని దాన్ని నడిపినవాళ్ళందరి మాట. అంత కంప్రెషన్‌కి బంకు పెట్రోలు పనికిరాదు. నాదాన్ని 10.5కి తగ్గించారు కాబట్టి 93 ఆక్టేన్‌తో నడుస్తుంది, లీటరుకి మూడున్నర కిలోమీటర్లు ఇస్తుంది. బానెట్ మీద ఆ కన్నీటిబొట్టు ఆకారపు బుడిపె సోకు కోసం పెట్టింది కాదు, సిలిండర్లకి గాలి పంచే ఎత్తైన మానిఫోల్డ్, దానిమీద హోలీ కంపెనీ కార్బురేటర్లు రెండు పట్టాలంటే అంత చోటు కావాలి. ముందు నాలుగు లైట్లలో లోపలి రెండూ తీసేసి జాలీలు బిగించారు. వాటి వెనకనుంచి లావుపాటి గొట్టాలు చల్లగాలిని నేరుగా కార్బురేటర్లకి మోస్తాయి. చల్లగాలి చిక్కగా ఉంటుంది కదా. బ్యాటరీ డిక్కీలో, కుడి వెనక చక్రం దగ్గర ఉంటుంది. ఒరిజినల్స్‌లో అది 95 పౌండ్లది. ఇన్ని చోట్ల బరువు గీకి తీసినవాళ్ళు కావాలని అంత పెద్ద బ్యాటరీ పెట్టారు, వెనక టైరు రోడ్డుని పట్టుకోవాలని. ఈ బండిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

ఇక్కడి మిలన్ డ్రాగ్‌వే ట్రాక్‌లో పావు మైలుకి నా బెస్ట్ 12.3 సెకన్లు. 1964లో గ్యాస్ రోండా అనే రేసర్ థండర్‌బోల్ట్‌తో 12 సెకన్ల లోపే వెళ్ళాడు, ఆ ఏడాది ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసుల సంఘం) టాప్ స్టాక్ విభాగం ఛాంపియన్ కూడా అతనే. అదీ ఆనాటి సన్నటి టైర్లతో! రెండో గేరులో ఇంజను నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక వచ్చే ఆ తోపు ముందు నాకిప్పటికీ గుండె జారుతుంది.

ఇక ఇబ్బందులు. వానలో గాని, అక్టోబరు సాయంత్రాల్లో గాని ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టేస్తుంది. హీటర్ లేదు కాబట్టి ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో గుడ్డ. ప్లెక్సీగ్లాస్‌ని మొదటి నెలలోనే పొడిగుడ్డతో తుడిచాను. ఎదురుగా లైటు పడితే ఆ గీతలు సాలెగూడులా మెరుస్తాయి. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ తప్ప ఇంకేదీ తగలనివ్వకండి. ఆగస్టులో జరిగే పాత కార్ల ఊరేగింపు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ ట్రాఫిక్‌లో ఒకసారి ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు 220 ఫారన్‌హీట్ దాటింది. ఆ టెన్షన్ మళ్ళీ వద్దని ఇప్పుడు తెల్లవారుజామునే వెళ్ళి ఎనిమిదింటికల్లా వచ్చేస్తాను. డ్రమ్ బ్రేకులు మూడో ఏడాది పీకించి ముందు డిస్కులు వేయించాను. ఒరిజినాలిటీ అంటూ పట్టుబట్టేవాళ్ళు ఏమన్నా సరే, దీని మీద నేను వెనక్కి తగ్గను.

ఒకసారి టోయింగ్ ట్రక్కువాళ్ళు గొలుసు తప్పు చోట వేసి కుడి ఫెండర్ పగలగొట్టారు. ఇనుమైతే సొట్ట పడేది, టింకరింగ్ చేయిస్తే పోయేది. ఫైబర్ చీలిపోతుంది. అతుకు వేయించాను గాని, ఎండలో పక్కనుంచి చూస్తే ఆ గీత కనిపిస్తుంది. అప్పట్లో ఫోర్డ్ వాళ్ళే గ్లవ్ బాక్స్‌లో ఒక నోటీసు అంటించారు: బరువు తగ్గించడానికి ప్రత్యేకంగా చేసిన బండి ఇది, బయటి భాగాల అతుకులు, నునుపు మా మామూలు ప్రమాణాలకి సరిపోవు అని. నా కారులో ఆ నోటీసు కాపీ ఉంది. ఫెండర్ చూసినప్పుడల్లా దాన్ని చదువుకుంటాను.

కొనేవాళ్ళు షాక్ టవర్ల వెల్డింగ్‌ని లైటు వేసి చూడండి, డబ్బంతా అక్కడ ఆదా చేసినవాళ్ళు ఉంటారు. నకలుని నకలుగానే కొనండి, అమ్మేటప్పుడూ అలాగే చెప్పండి. ఇంట్లో ఒకే కారు ఉంటే మాత్రం ఇది వద్దు.

డ్రైవర్ వైపు కిటికీకి కొత్త ప్లెక్సీగ్లాస్ ఆర్డరిచ్చాను. ఏప్రిల్లో నాలుగు వానలు పడి చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కొట్టుకుపోగానే బిగించి బయటికి తీస్తాను.