యూటీ210ఈ టంగ్ టెస్టర్: మిల్లీఆంప్స్ చూపిస్తుంది, మణికట్టు మాత్రం తిప్పకూడదు

టంగ్ టెస్టర్ అంటే వైరు తెంపకుండా, దాన్ని దవడల మధ్య పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్. మామూలుది ఏసీ మాత్రమే చదువుతుంది. నిలబెట్టిన కారు బ్యాటరీ తెల్లారేసరికి ఎందుకు దిగిపోతోందో, మేడ మీద సోలార్ స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్లు) ఎన్ని ఆంప్స్ ఇస్తోందో దానితో తేలదు. యూని-టి వాళ్ల యూటీ210ఈ కొనేది ఈ డీసీ పనుల కోసమే. 2, 20, 100 ఆంప్స్ రేంజ్‌లు, కింది రేంజ్‌లో 1 మిల్లీఆంప్ దాకా అంకె, ట్రూ ఆర్‌ఎంఎస్ (ఏసీ తరంగం వంకరగా ఉన్నా సరిగ్గా చదవడం), రెండు ట్రిపుల్-ఏ సెల్స్. చొక్కా జేబులో పడుతుంది. ఇక ఎక్కడ నమ్మాలి, ఎక్కడ అనుమానించాలి అన్నది దాని దవడల్లో ఉన్న మేగ్నెటిక్ సర్క్యూట్‌ని, అంటే అయస్కాంత ఫ్లక్స్ తిరిగే దారిని బట్టి ఉంటుంది.

ఏసీ టంగ్ టెస్టర్‌లో ఉండేది కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. మూసిన దవడలు ఒక ఇనుప వలయం, మధ్యలోంచి పోయే వైరు ఒక చుట్టు ప్రైమరీ, వలయం మీద చుట్టిన కాయిల్ సెకండరీ. ఫ్లక్స్ మారితేనే సెకండరీలో ఏమైనా పుడుతుంది కాబట్టి డీసీ దానికి కనబడదు. డీసీ చదవాలంటే ఫ్లక్స్‌నే నేరుగా కొలవాలి. అందుకని కోర్‌లో, అంటే ఆ వలయంలో, కావాలనే చిన్న గ్యాప్ వదిలి, అందులో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే హాల్ సెన్సర్ కూర్చోబెడతారు. ఈ తరహా మీటర్ల మంచీ చెడూ చాలావరకు ఆ గ్యాప్ నుంచే వస్తాయి.

చిన్న లెక్క చూడండి. కోర్ పొడవు 80 మి.మీ., దాని సాపేక్ష పర్మియబిలిటీ (గాలికంటే ఎన్ని రెట్లు సులువుగా ఫ్లక్స్‌ని పోనిస్తుందో) 2000 అనుకుందాం. రిలక్టెన్స్ (ఫ్లక్స్‌కి అడ్డంకి) లెక్కలో ఆ కోర్ మొత్తం 0.04 మి.మీ. గాలితో సమానం. గ్యాప్ 2 మి.మీ. పెడితే ఆంపియర్-టర్న్స్ (కరెంటుని చుట్లతో గుణించినది) దాదాపు అన్నీ అక్కడే ఖర్చవుతాయి. 1 ఆంప్‌కి గ్యాప్‌లో వచ్చే అయస్కాంత క్షేత్రం 0.6 మిల్లీటెస్లా. 100 ఆంప్స్‌కి 60. కోర్‌కి వాడే ఫెరైట్ శాచురేట్ అయ్యేది, అంటే ఇక ఫ్లక్స్ పట్టకుండా నిండిపోయేది 300-400 మిల్లీటెస్లాల దగ్గర కనుక బోలెడంత వెసులుబాటు. గ్యాప్ లేకుండా అదే కోర్ పది పన్నెండు ఆంప్స్ డీసీకే నిండిపోయేది.

ఇప్పుడు ఇదే లెక్క కిందివైపు చూడండి. 1 మిల్లీఆంప్‌కి వచ్చేది 0.6 మైక్రోటెస్లా. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రమే సుమారు 40 మైక్రోటెస్లాలు! దాన్ని కోర్ కొంత పక్కకు మళ్లించినా, మిగిలింది చివరి అంకెల్ని కదిలించడానికి సరిపోతుంది. 2 ఆంప్స్ డీసీ రేంజ్‌లో ఖాళీ దవడలతో జీరో చేసి, మీటర్ని ఉత్తరం నుంచి తూర్పుకి తిప్పండి. తీగ ఏమీ లేకుండానే అంకె మారుతుంది. చాలామంది దీన్నే మీటర్ పాడైందనుకుని వెనక్కి పంపుతుంటారు.

కాబట్టి జీరో చేసే పద్ధతి ముఖ్యం. కొలవబోయే వైరు పక్కనే, కొలిచేటప్పుడు ఎలా పట్టుకుంటారో సరిగ్గా అలాగే మీటర్ని పట్టుకుని, దవడలు పూర్తిగా మూసి జీరో బటన్ నొక్కాలి. తర్వాత చేతిని తిప్పకుండా వైరుని లోపలికి తీసుకోవాలి. వైరు దవడల మధ్యలో, వలయానికి లంబంగా నిలబడాలి. చదివాక వైరు తీసేసి మళ్లీ సున్నా వస్తోందా చూడండి. నాలుగైదు మిల్లీఆంప్స్ మిగిలితే అంతమేర ఆ రీడింగ్‌ని అనుమానించాల్సిందే. ఎండలో మేడ మీద పని చేస్తుంటే హాల్ సెన్సర్ వేడెక్కి సున్నా జరుగుతూ పోతుంది, ప్రతి రీడింగ్‌కీ జీరో కొట్టాలి. పెద్ద డీసీ కరెంటు కొలిచిన వెంటనే చిన్నది కొలవకండి. కోర్‌లో మిగులు అయస్కాంతత్వం ఉండిపోతుంది. దవడల్ని నాలుగైదు సార్లు తెరిచి మూసి, జీరో చేశాక మొదలుపెట్టండి.

దవడలు కలిసే ముఖాల మీద దుమ్ము పేరుకోనివ్వకూడదు. మామూలు జిరాక్స్ కాగితం మందం 0.1 మి.మీ. పై లెక్కలో అంత మురికి ఒక్క అతుకులో చేరినా రీడింగ్ 5 శాతం తగ్గుతుంది. మీటర్ సొంత కచ్చితత్వమే 2-3 శాతం, పైన చివరి అంకెలో కొంత అటూఇటూ. పొడి గుడ్డతో తుడిస్తే చాలు, ఉప్పుకాగితం పెట్టి రుద్దకండి.

ఇది బాగా పనికొచ్చే చోటు కారు బ్యాటరీ లీకేజీ. నెగటివ్ కేబుల్ విప్పనక్కర్లేదు, అదే దీని గొప్పతనం. విప్పి బిగిస్తే కారులోని మాడ్యూళ్లు మేలుకుంటాయి. బండి లాక్ చేసి అరగంట ఆగి, నెగటివ్ కేబుల్‌కి తగిలించండి. 50 మిల్లీఆంప్స్ లోపుంటే సాధారణంగా ఫర్వాలేదు. 300 కనిపిస్తే ఒక్కో ఫ్యూజు తీస్తూ ఎక్కడ పడిపోతుందో చూసుకోవచ్చు. సన్న వైరు అయి, సందు ఉంటే అదే వైరుని దవడల్లోంచి పది చుట్లు తిప్పండి. 30 మిల్లీఆంప్స్ 300గా కనిపిస్తాయి, పదితో భాగించండి. భూమి క్షేత్రం మాత్రం పదింతలు కాదు కనుక తప్పు పదో వంతుకి తగ్గుతుంది.

ఏసీలో లీకేజీ చూడాలంటే ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టండి. వెళ్లిన ఆంపియర్-టర్న్స్, వచ్చినవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని లీకేజీ మాత్రమే మిగులుతుంది. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే లైను తెంపే స్విచ్) ఊరికే పడిపోతుంటే ఏ లైనుదో పట్టుకోవడానికి ఇది చక్కని దారి. త్రీఫేజ్ మోటారుకి మూడు తీగలూ కలిపి పట్టి సున్నా వచ్చిందని మీటర్ని తిట్టేవాళ్లకీ ఇదే జవాబు.

దవడ 17 మి.మీ. మాత్రమే. 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ పడుతుంది, ప్యానెల్ బస్‌బార్ పట్టదు. 600 వోల్టుల రేటింగ్ క్యాట్ 2కే (సాకెట్లకి తగిలించే పరికరాల స్థాయి), క్యాట్ 3లో (ఇంటి వైరింగ్, ప్యానెల్ స్థాయి) 300. సర్వీసు మెయిన్, మీటర్ బోర్డు దగ్గర దీన్ని వాడకండి. కారు స్టార్టర్ 100 ఆంప్స్ దాటేస్తుంది, ఆ పనికి 400 లేదా 600 ఆంప్స్ డీసీ టంగ్ వేరే ఉండాలి. ఏసీ లోడ్లు తప్ప వేరే పని లేని వైరింగ్ మేస్త్రీకి ఈ మీటర్ దండగ, గ్యాప్ లేని మామూలు ఏసీ టంగ్ చాలు.