మెరిసే శాంటియాగోనా, అరిగిన మెక్సికోనా: ఏది కొనడం మేలు?

స్పెయిన్ ఏలుబడిలో అమెరికా ఖండాల్లో కొట్టిన ఎనిమిది రియాళ్ల వెండి నాణేలు రెండు అమ్మకానికి వచ్చాయనుకుందాం. రెండూ 1795 నాటివి. ఒకటి చిలీలోని శాంటియాగో టంకశాలది. రాజుగారి జుట్టు పాయలు కూడా లెక్కపెట్టొచ్చు, తళతళా మెరుస్తోంది, ధర మాత్రం అనుమానం వచ్చేంత తక్కువ. రెండోది మెక్సికోది. బొమ్మ సగం అరిగింది, మీద చైనా షరాబులు వెండి పరీక్షించి కొట్టిన ముద్రలున్నాయి. నేనైతే రెండోదే తీసుకుంటాను.

మెక్సికో నాణేలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి, శాంటియాగోవి అరుదు. నాణెం మీద మెక్సికో టంకశాల గుర్తు 'ఎమ్' అక్షరం, దాని పైన చిన్న సున్నా. శాంటియాగోది 'ఎస్', దాని పైనా అదే సున్నా. అంటే ఒక్క అక్షరం మారిస్తే చాలు, ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇలాంటి చోట త్రాసు మనకేమీ చెప్పదు. నాణెం అసలుదే, వెండీ అసలుదే, బరువు కూడా దాదాపు 27 గ్రాములే ఉంటుంది. వెండి శాతం కొలిచినా తేడా దొరకదు. (ఆ మాటకొస్తే 1772లోనూ 1786లోనూ ఎవరికీ చెప్పకుండా వెండి పాలు తగ్గించింది స్పెయిన్ రాజు మూడో కార్లోసే!)

పట్టించేది పక్కనున్న అక్షరాలు. వెండి వన్నెకు పూచీపడిన టంకశాల అధికారుల పొడి అక్షరాలు నాణెం మీద ఉంటాయి. 1795లో మెక్సికోవి 'ఎఫ్, ఎమ్'. శాంటియాగోవి 'డి, ఎ'. శాంటియాగో గుర్తు పక్కన 'ఎఫ్, ఎమ్' కనిపిస్తే ఇక భూతద్దం తియ్యాల్సిన పని కూడా లేదు. తెలివైనవాడు వాటినీ మారుస్తాడు, కానీ ఎంత ఎక్కువ మారిస్తే అంత ఎక్కువ జాడ మిగులుతుంది. నాణెం మీద అక్షరం ఉబ్బెత్తుగా ఉండాలి కదా, ఆ లోహం ఎక్కడినుంచి వస్తుంది? చుట్టూ గీకి పల్లం చెయ్యాలి, లేదా వేరే ముక్క తెచ్చి అతకాలి. గీకితే ఆ మేర నాణెం నేల (అక్షరాల చుట్టూ ఉండే చదును భాగం) కిందికి దిగి, సన్నటి గీతలు పడతాయి. అతికితే అక్షరం అడుగున సందో, రంగు తేడానో ఉంటుంది. నాణేన్ని దీపం కింద బాగా వాల్చి, పదిరెట్లు పెద్దదిగా చూపే లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూస్తే ఇవి బయటపడతాయి. అక్షరాలన్నీ అరిగి, టంకశాల గుర్తు ఒక్కటే కొత్తగా ఉన్నా అదీ అనుమానించాల్సిందే.

అరిగిన జుట్టు, రాజచిహ్నంలోని సింహాలు, కోటలు తిరిగి చెక్కడం ఇంకో రకం పని. మెడలో వేసుకోవడానికి పొడిచిన చిల్లు పూడ్చి, పైన బొమ్మ చెక్కినవి చాలానే దొరుకుతాయి. ఇది అందం చెడగొట్టడమే, ఊరు పేరు మార్చడం కాదు. అమ్మేవాడు ముందే చెప్పి ధర తగ్గిస్తే, సేకరణలో ఖాళీ పూరించుకోవడానికి కొనుక్కోవచ్చు. నాణేలను పరీక్షించి, వాటి స్థితికి అంకె వేసే ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థలు వీటికి మామూలు అంకె ఇవ్వకుండా 'డీటెయిల్స్' అని రాసి పంపుతాయి. గుర్తు మార్చినదానికి మాత్రం కరిగిస్తే వచ్చే వెండి ధర కన్నా పైసా ఎక్కువ ఇవ్వను.

అంకె మీద అంకె, అక్షరం మీద అక్షరం కనిపించిన ప్రతిదీ మోసం కాదు. పాత అచ్చును టంకశాలవాళ్లే దిద్ది వాడేవారు. అలాంటి దిద్దుబాటు ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెంలోనూ అదే చోట, అదే తీరులో ఉంటుంది కాబట్టి ఇంకో నాణెం ఫొటోతో పోల్చి చూసుకోవచ్చు. నాణెం మీదే ఇంకో ముద్ర పడినా మోసం కాదనడానికి మనకు దగ్గరి ఉదాహరణ మద్రాసు అర వరహా. 1808 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ స్పానిష్ డాలర్ల (ఈ ఎనిమిది రియాళ్ల నాణేలకే ఆ పేరు) మీదే కొత్త ముద్ర కొట్టింది. ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణువు, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు. కొన్నింటిలో అడుగున పాత స్పానిష్ ముద్ర ఇంకా తెలుస్తుంది. ఇలాంటిది దొరికితే మెక్సికోను కూడా పక్కన పెట్టేస్తాను.

అలాగని మెక్సికోను కళ్లు మూసుకుని కొనొద్దు. దానికి అక్షరం మార్చినవి కాదు, నాణెం మొత్తమే నకిలీగా చేసినవి ఎక్కువ, అక్కడ త్రాసు పనికొస్తుంది. అంచు కూడా తిప్పి చూడండి. వృత్తం, దీర్ఘచతురస్రం ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉండాలి, ఎదురెదురుగా రెండు చోట్ల ఆ వరస ఒకదానిమీదొకటి ఎక్కి ఉండాలి. అంచు ఫొటో పంపమంటే తప్పించుకునేవాడి దగ్గర బేరమే వద్దు.